పసుపు గీత

మా ఇంటి ఆడవాళ్లకి పడవ మీద ఉన్న హక్కు ఒక్కటే, గీత పెట్టడం. సరుకెత్తే ముందు పడవ పక్కచెక్కకి పసుపుతో అడ్డంగా ఒక గీత గీస్తాం. నీళ్లు ఆ గీతని తాకగానే ఎత్తడం ఆపెయ్యాలి. గీసేది మేమే అయినా ఎక్కడ గియ్యాలో చెప్పేది మాత్రం మగవాళ్లే. అదీ మా వైభోగం.

మా ఆయన తాతగారు ఈ రెండు తెరచాపల పడవ చేయించినప్పుడు గీత అంచుకి జానెడున్నర కిందుండేదట. కాలవల వెంట కాకినాడ దాకా ధాన్యం మోసేవారు. లారీలొచ్చి ధాన్యం ఎత్తుకుపోయాక మావయ్యగారు పెంకులు తోలడం మొదలెట్టారు. కిరాయి చాలక గీతని జానెడుకి జరిపించారు, తర్వాత బెత్తెడుకి. ఆ బెత్తెడు దగ్గరే ఆయన్ని గోదారి తీసుకుంది. పడవని మాత్రం తాళ్లేసి పైకి లాగారు. ఆ రోజు గురించి మా అత్తయ్య అప్పాయమ్మ ఇన్నేళ్లలో ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఇప్పుడు అదే పడవలో మా ఆయన పల్లంరాజు గోదారి మధ్య లంకల్లోంచి రాజమండ్రి రేవుకి ఇసుక తోలుతున్నారు. రెండో తెరచాప ఎప్పుడో చిరిగిపోయింది. దాని బదులు ఇంజను పెట్టించారు. ఇంజనొచ్చాక ఆయనకి ధైర్యం ఎక్కువైంది.

ఇవాళ పొద్దున్న పసుపు గిన్నెతో రేవుకి వెళ్తే, అంచుకి రెండు వేళ్ల కింద చూపించారు.

“ఇక్కడ పెట్టు.”

“ఏంటండీ ఇది? చిన్న అలొచ్చినా నీళ్లు లోపలికొచ్చేస్తాయి.”

“పెట్టవే బాబూ. ఇంజనుంది కదా, చిటికెలో వచ్చేస్తాను.”

ఒళ్లు మండింది. అయినా పెట్టాను. నా చేత్తో నేనే పెట్టాను.

మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. బ్రిడ్జి అవతల నీళ్లు నల్లబడ్డాయి. బట్టలుతికేవాళ్లు గబగబా మూటలు కట్టుకుని మెట్లెక్కేశారు. అత్తయ్య వచ్చి రేవు మెట్ల మీద నా పక్కన కూర్చున్నారు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. మళ్లీ చేశాను, అదే. లంక వైపు ఒక్క పడవ కూడా లేదు.

పొద్దు వాలేటప్పటికి కనబడింది. పడవ అంచుదాకా నీళ్లలో ఉండి కనబడలేదు, ఉత్త తెరచాప ఒక్కటే నీళ్ల మీద నడిచొస్తున్నట్టుంది. ఇంజను ఆగిపోయిందట. నిలువెల్లా తడిసి, నీళ్లు తోడి తోడి బొబ్బలెక్కిన చేతులతో ఆయన నవ్వుతూ దిగారు. బతికొచ్చినందుకు గోదారికి దండం పెట్టుకున్నాను. ఆ నవ్వు చూస్తే మాత్రం భయమేసింది.

“చూశావా? ఇంత గాలికీ ఏమీ కాలేదు. రేపు గీత అంచుకే పెట్టేద్దాం. పసుపు కలిపి ఉంచు.”

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య లేచారు. కొడుకు తడి భుజం మీద చెయ్యేశారు.

“మునిగిపోయే ముందు రోజు మీ నాన్న కూడా ఇలాగే నవ్వుకుంటా దిగార్రా. పసుపు కలిపి ఉంచమన్నారు. కలిపాను.”