కవరు కింద కారు

ఆదివారం ఉదయం ఉప్పల్‌లోని ఆ అపార్టుమెంటుకు వెళ్లినవారికి సెల్లార్లో ఒక ముచ్చటైన దృశ్యం కనిపించేది. రెండో అంతస్తు గిరిప్రసాద్ తన పార్కింగు స్థలంలో నిలబడి, బూడిదరంగు కారు కవరును పొడిగుడ్డతో దులిపి, జారిన అంచులు సర్ది, కట్లు బిగించేవాడు. "ఆయనకు కారంటే ఎంత ప్రాణమో!" అని చూసినవాళ్లు మెచ్చుకునేవారు. పాఠకులకు నిజం ముందే చెప్పడం మంచిది. ఆ కవరు కింద కారు లేదు.

గిరిప్రసాద్ నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ పైపులు తయారుచేసే ఒక కంపెనీలో సూపర్‌వైజరు. తెనాలి నుంచి వచ్చి పదిహేనేళ్లయింది. ఆర్డర్లు తగ్గి కంపెనీ జీతాలు సగానికి కోస్తే, ఇల్లు గడవడం కోసం కారు అమ్మేశాడు. అంతవరకూ తప్పులేదు. కష్టం వచ్చినప్పుడు సంసారి చేయవలసిన పనే అది. ఆ తర్వాత చేసిందే తప్పు. కంపెనీలో పారేసే పైపు ముక్కలు తెచ్చి, అపార్టుమెంటు వాళ్లంతా వాచ్‌మన్‌తో సహా ఒక పెళ్లికి వెళ్లిన రోజున, కారు ఆకారంలో ఒక చట్రం బిగించి దానిమీద కవరు కప్పాడు. పైపులు వంచడం, అతకడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఆ పనితనం మరో మంచి పనికి వాడితే ఎంత బాగుండేదో!

డ్యూటీకి వెళ్లడానికి పాత సైకిలు కొన్నాడు. ఎవరైనా అడిగితే "షుగరు వచ్చేలా ఉందట, డాక్టరు తొక్కమన్నాడండీ" అనేవాడు. కారు బయటికి రాదేమని అడిగితే "పెట్రోలు రేటు చూస్తున్నారుగా, అవసరమైతేనే తీస్తాను" అనేవాడు. నిజానికి సైకిలు అతనికి మేలే చేసింది. పొట్ట కరిగింది. పొద్దుటి ట్రాఫిక్‌లో కార్లకన్నా ముందే నాచారం చేరేవాడు. కానీ ఆ మాట సంతోషంగా నలుగురికీ చెప్పుకునే ధైర్యం లేకపోయింది.

"ఎన్నాళ్లండీ ఈ నాటకం? అమ్మేశామని చెబితే కొంపలేమైనా మునుగుతాయా?" అని భార్య విజయశ్రీ చాలాసార్లు అడిగింది.

"నీకు తెలీదు, ఊరుకో. ఇక్కడ కారును బట్టే మనిషికి మర్యాద" అని నోరు మూయించేవాడు.

అలా ఏడు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పదకొండు గంటల వేళ, మొదటి అంతస్తులో రాజేశ్వరమ్మ కూరగాయలు తరుగుతుండగా చేతిలో కత్తి జారిపోయింది. మూతి ఒక పక్కకు వంకరపోయింది. కుడిచేయి లేవలేదు. ఆమె భర్త మురళీధర్ రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కేకలకు వాచ్‌మన్ సాంబయ్య పరుగెత్తుకొచ్చి, "108కు ఫోన్ కొడ్తా సార్" అన్నాడు.

"గిరి బాబు కారు కిందనే ఉన్నదిగదా! అంబులెన్సు వచ్చేదాంక ఆగుడెందుకు?" అంటూ మురళీధర్ పైకి పరుగెత్తాడు.

"గిరి బాబూ, జర బండి తియ్! మా ఇంటామెకు పక్షవాతం లెక్కున్నది!"

'లేదు' అన్న మాట గిరిప్రసాద్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అని ఉంటే ఈ కథ రాయవలసిన పనే ఉండేది కాదు. "ఒక్క నిమిషం బాబాయ్ గారూ, తాళాలు తెస్తాను" అని లోపలికి వెళ్లి, లేని తాళాల కోసం బీరువా వెతకడం మొదలుపెట్టాడు. ఆయన విసిగిపోయి ఇంకేదైనా చూసుకుంటాడని ఆశ. ఆ పెద్దాయన గుమ్మంలోనే నిలబడి ఎదురుచూశాడు. వంటింట్లోంచి విజయశ్రీ భర్తను చూసింది కానీ ఆమె కూడా వంటింటి గడప దాకా వచ్చి ఆగిపోయింది. చాలాసేపటికి గిరిప్రసాద్ బయటికి వచ్చి, "చాన్నాళ్లు తీయలేదు కదండీ, బ్యాటరీ దిగిపోయి ఉంటుంది" అన్నాడు.

"దిగితే తోస్తం! తోస్తే అదే స్టార్టయితది!" అంటూ మురళీధర్ మెట్లు దిగాడు. సాంబయ్యను, సెల్లార్లో ఉన్న మరో ఇద్దరిని కేకేశాడు. "ఆగండి, ఆగండి" అంటూ గిరిప్రసాద్ వచ్చేలోపే, ఆ కంగారులో కవరు తీయాలన్న ధ్యాస కూడా లేక, నలుగురూ దానిమీదే చేతులు వేసి బలంగా తోశారు. పైపులు పటపటా విరిగాయి. కవరు నేలకు కుంగిపోయింది. సాంబయ్య అంచు ఎత్తి చూశాడు. విరిగిన పైపులు తప్ప కింద ఏమీ లేవు. ఎవరూ నవ్వలేదు.

ముందుగా తేరుకున్నది విజయశ్రీ. కాళ్లకు చెప్పులైనా లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపింది.

ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. "ప్రాణానికి భయం లేదు. కానీ ఇలాంటి జబ్బుకు ప్రతి నిమిషమూ విలువైనదే." పోయిన నిమిషాలు ఎంత నష్టం చేశాయో ఆయన చెప్పలేదు, చెప్పడం ఎవరి తరమూ కాదు. రాజేశ్వరమ్మ కుడిచేయి మాత్రం మళ్లీ లేవలేదు.

నెల తర్వాత గిరిప్రసాద్ గుండె దిటవు చేసుకుని వాళ్లింటికి వెళ్లాడు. మురళీధర్ అన్నం కలిపి భార్యకు తినిపిస్తున్నాడు. గిరిప్రసాద్ ఆయన కాళ్ల దగ్గర కూలబడి భోరుమన్నాడు. "నన్ను తిట్టండి బాబాయ్ గారూ, కొట్టండి."

"తిడితే ఆ చెయ్యి లేస్తదా?" అన్నాడాయన. కోపం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "ముప్పై ఏండ్లు నేను సైకిల్ మీదనే డ్యూటీకి పోయిన. సైకిలంటే నాకేం చిన్నతనం గాదు. కానీ పోయినేడు మూడో అంతస్తు లక్ష్మీకాంత్ కారమ్ముకుంటే, అపార్టుమెంటు మీటింగుల అందరం నవ్వినం. నేను గూడ నవ్విన. గప్పటిసంది ఆయన మీటింగుకే వస్తలేడు. నువ్వు గది సూసినవ్, భయపడి దాసుకున్నవ్. నీ తప్పుల నాకు గూడ పాలున్నది."

ఇంకో ముద్ద భార్య నోటికి అందించి, మూతి తుడిచి, ఆయన గిరిప్రసాద్ భుజం మీద చేయి వేశాడు.

"నీకు కారు లేకపోతే నాకేం నష్టం లేకుండె బిడ్డా. నువ్వు ఆ గుమ్మంల నిలబడి లేదని ఒక్క మాటంటే, నేను అంబులెన్సును పిలుసుకునేటోణ్ని. అక్కరల ఉన్నోనికి, లేదని టైముకు జెప్పుడు గూడ సాయమే."