అంతరాయానికి చింతిస్తున్నాము

టీవీ కేంద్రం పెట్టిన కొత్తలో తెరమీది అక్షరాలన్నీ చేత్తో రాసేవారు. నల్ల అట్టమీద తెల్లరంగుతో వార్తల శీర్షికలూ, నటుల పేర్లూ రాసి కెమెరా ముందు నిలబెట్టడం ఆర్టిస్టు పని. ప్రసారం ఆగిపోయినప్పుడల్లా కనిపించే ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అట్ట కూడా అతను రాసిందే. కింద తీగమీద రెండు పిచ్చుకల్ని గీశాడు.

అది కనపడగానే ఊరంతా విసుక్కునేది. అతని అత్తగారు మాత్రం కుర్చీ ముందుకు లాక్కునేది. “బొమ్మలు గీసుకునేవాడికి పిల్లనెలా ఇస్తాం?” అని ఒకప్పుడు మొండికేసిన మనిషి, ఇప్పుడు ఇరుగుపొరుగుని కేకేసి మరీ చూపించేది. “మా అల్లుడుగారి చేతిరాత! కంగారేం లేదు, కాసేపుంటుంది.” ఆవిడకి చదువు రాదు. పిచ్చుకల్నిబట్టి గుర్తుపట్టేది.

తర్వాత కొత్త యంత్రాలొచ్చాయి. ప్రసారం ఆగడం తగ్గింది. అట్ట నెలల తరబడి బీరువాలోనే ఉండిపోయింది.

ఒక సోమవారం ప్రేక్షకుల ఉత్తరాలు చూస్తున్న డైరెక్టరు ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“వినండర్రా! ‘అయ్యా, మీ కార్యక్రమాలు బాగానే ఉన్నాయి గానీ, ఈమధ్య అంతరాయాలు బొత్తిగా తగ్గిపోయాయి. మా అల్లుడుగారిని పనిలోంచి తీసేశారేమోనని బెంగగా ఉంది.’”

గది గొల్లుమంది. ఉత్తరంలో దస్తూరీ తన కూతురిదేనని ఆర్టిస్టు పోల్చుకున్నాడు. తల కొట్టేసినట్టయింది.

“మా అత్తగారండీ,” అన్నాడు మెల్లగా. “నా పనిలో ఆవిడకి తెలిసింది ఆ అట్టొక్కటే.”

డైరెక్టరు నవ్వు ఆగిపోయింది. “అందరి పేర్లూ రాస్తావు. నీ పేరెప్పుడైనా రాశావటయ్యా?”

“ఎవరూ రాయమనలేదండీ.”

“నేనంటున్నాను. ఈ శనివారం నాటకం చివర రాయి.”

ఎందరి పేర్లో అలవోకగా రాసినవాడికి తన పేరు దగ్గర నాలుగట్టలు పాడయ్యాయి.

శనివారం నాటకం అయిపోయింది. ఇంటికి టీవీ చూడవచ్చిన జనం లేవబోతే అత్తగారు “కూర్చోండి!” అని గదిమింది. నటుల పేర్ల తర్వాత, అట్టడుగున, అతని పేరు వచ్చి రెప్పపాటులో పోయింది. మనవరాలు చదివి వినిపించింది.

“అంత చిన్నగా రాసుకున్నారేం అల్లుడుగారూ?” అని అతను ఇంటికి రాగానే ఆవిడ కోప్పడింది. కళ్లు తుడుచుకుంటూనే కోప్పడింది.

మర్నాటినుంచి మనవరాలి పక్కన కూర్చుని అల్లుడి పేరులోని ఆ మూడక్షరాలే దిద్దింది. ఏడాది తిరిగేసరికి తక్కినవీ పట్టుబడ్డాయి. ఇక తెరమీద ఏది కనపడినా గొంతెత్తి చదవడమే. వార్తలేమిటో ఇంట్లో ఒక్కరికీ వినపడితే ఒట్టు!