తాళం వేసిన కుళాయి

సుబ్బాయమ్మ కేక వేసినప్పుడు వీరవేణి తొట్టికి అటు చివర ఉంది. తలెత్తి చూసేసరికే జరగాల్సింది జరిగిపోయింది. ముసలిదాని చేతులు మోచేతుల దాకా చేపల ముద్దలో ఉండగానే సూపర్వైజర్ అమ్మిరాజు యాసిడ్ బుడ్డిని వంచేశాడు.

"నీళ్ళు! ఎవరన్నా నీళ్ళు పొయ్యండర్రా!"

షెడ్డులో నీళ్ళెక్కడివి? కుళాయి ఆఫీసు గదిలో ఉంది. ఆ గదికి తాళం. ముద్దలో నీళ్ళు పడితే సరుకు చెడుతుందని యజమాని పెట్టిన ఏర్పాటు. "ఉండండి, అయ్యగారిని అడిగి తీస్తాను" అని అమ్మిరాజు తాళంచెవి చేత్తో పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళాడు. పరిగెత్తలేదు మహానుభావుడు, నడిచే వెళ్ళాడు. గట్టుకి అవతల గోదారి నిండుగా పారుతోంది. గట్టుకి ఇవతల ఒక ఆడదాని చేతుల మీద పొయ్యడానికి చెంబెడు నీళ్ళు లేవు.

గట్టెక్కి రేవులోకి దిగి నీళ్ళు తెచ్చేదాకా వీరవేణి ఆగలేకపోయింది. జెల్లచేప ముల్లు గుచ్చుకుంటే వాళ్ళ పేటలో ఎవరైనా చేసేది ఒక్కటే, సున్నం పట్టించడం. వీరవేణి కూడా బొడ్లోంచి సున్నపుకాయ తీసి గబగబా రాసేసింది. సున్నం తగలగానే చర్మం సుయ్యిమంది. సుబ్బాయమ్మ ఈసారి కేక కూడా వెయ్యలేదు, ఉన్నచోటనే కూలబడిపోయింది.

కొవ్వూరు దాటాక గోదారి గట్టు కింద జోగేశ్వరరావుగారు పెట్టిన కోళ్ళదాణా మిల్లు అది. ఊరూరా కోళ్ళఫారాలు లేస్తున్న రోజులు. చేపల తలలూ పేగులూ చితక్కొట్టి ఫార్మిక్ యాసిడ్ కలిపితే కుళ్ళవు. ఆ ముద్దని తవుడులో కలిపి ఆరబెట్టి దాణా చేస్తారు. ఆ పులుపు లోపలికి వెళితే కోడిపిల్లలకి పారుడు రోగం రాదట. కోడి కడుపు మీద ఎంత దయో చూడండి! కలిపేది మాత్రం పల్లెకారు ఆడవాళ్ళు, ఉత్త చేతులతో. ఉప్పుచేప పెట్టేటప్పుడు జాడీలో చెయ్యి పెట్టి చూడటం వాళ్ళకి పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఉప్పు పట్టిందో లేదో వేళ్ళకే తెలుస్తుంది. రావుగారు ఆ అలవాటుని కనిపెట్టారు. "తెడ్డుకేం తెలుస్తుందమ్మా, మీ చెయ్యి పడితేనే సరుకు సరుకు" అని మెచ్చుకుని, తెడ్లు కొనడం మానేశారు.

వీరవేణి చేతులు మణికట్ల దాకా కాలి, వేళ్ళు అప్పటికే పొరలు పొరలుగా ఊడుతున్నాయి. కత్తిపీట ముందు కూర్చుంటే చేప జారిపోతోంది. అన్నం కలిపితే పచ్చడి మంట నెత్తికెక్కుతోంది. ఈ చేతులు పోతే ఇంకేం చేసి బతకాలో ఆమెకి తెలియదు.

ఆడవాళ్ళంతా కలిసి అర్జీ పెట్టుకుంటే లేబరాఫీసులోంచి ఒకాయన జీపులో వచ్చాడు. కాఫీ తాగాడు. షెడ్డులోకి వచ్చి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"కాల్చింది యాసిడ్ కాదండి, సున్నం" అన్నారు జోగేశ్వరరావుగారు నెమ్మదిగా. "రాసింది ఇదిగో, ఈ వీరవేణే. అడగండి."

"నువ్వేనా రాసింది?"

"ఆయ్, నేనేనండి. నీళ్ళు లేకపోతే..."

"నాటువైద్యాలు మీరు చేసుకుని యజమాని మీద పడితే ఎలాగమ్మా?"

"కుళాయికి తాళం ఎందుకేశారో అడగండి బాబూ!"

"కోడిపిల్లలు రోజూ తింటున్నాయి ఈ దాణా. వాటికేం కాలేదు, మీకేమవుతుంది?" అన్నారు రావుగారు.

"కోడికి చిటికెడు కొలిచి వేస్తారండి. మా మీద బుడ్డి బోర్లిస్తారు!"

ఆఫీసరుగారు వినలేదు. ఆత్రేయపురం పూతరేకుల పొట్లం ఒళ్ళో పెట్టుకుని జీపెక్కాడు.

ఆ సాయంత్రం వలలు ఆరేసే చోట పేటంతా కూడింది. కూడి ఏం లాభం? తలో మాటా అన్నారు. మిల్లు మూసేస్తే తిండెలా అన్నారొకరు. వేసవిలో ఏరు ఎండితే చేప ఎక్కడిది, మిల్లే గతి అన్నారు ఇంకొకరు. వీరవేణి మొగుడు సత్తియ్య, బస్తాలు మోసే జట్టుకి మేస్త్రీ, తల వంచుకుని "ఆడాళ్ళ గొడవలోకి జట్టుని లాగకే" అన్నాడు.

"యాసిడ్ ఆడామగా చూసి కాలుస్తాదా మావా?"

"అసలు నువ్వు సున్నం రాయకపోతే ఇంత రచ్చ ఉండేది కాదు" అంది పాపాయి. వీరవేణి పక్కనే నిలబడి పనిచేసే మనిషి ఆ మాట అనేసరికి వీరవేణికి ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది. రావుగారి మాట పేటలోకి ఎంత తేలిగ్గా వచ్చి కూర్చుంది!

అప్పుడు సుబ్బాయమ్మ లేచింది. గుడ్డలు చుట్టిన రెండు చేతులూ పైకెత్తింది.

"సున్నం రాసింది నన్ను బతికిద్దామనే. తాళం వేసింది ఎవడే? ఆడి పేరు చెప్పడానికి మీకు నోళ్ళు లేవా?"

పాపాయి లేచి వచ్చి వీరవేణి పక్కన కూర్చుంది.

మర్నాడు పొద్దున్న దాణాకి కోళ్ళఫారాల వాళ్ళు వచ్చారు. లారీలు నిలబడ్డాయి. ఆడవాళ్ళు అప్పుడే యాసిడ్ పోసిన ఒక గంగాళాన్ని ఈడ్చుకొచ్చి గేటు మధ్యలో పెట్టారు.

"ఏంటిది?" జోగేశ్వరరావుగారు కేకేశారు.

"ఏం కాదన్నారు కదండీ" అంది వీరవేణి. "మీరోసారి చెయ్యి పెట్టి కలపండి. తరవాత మేం నోరెత్తం."

"పెట్టండయ్యగారూ!"

"కుళాయి తాళంచెవి మా దగ్గరుంచి, అప్పుడు చెయ్యి పెట్టండి!"

ఆయన నవ్వబోయారు. పాపాయి గంగాళాన్ని ఇంకాస్త ముందుకి జరిపింది. ఆయన వెనక్కి అడుగేశారు. లారీ మీదున్నవాళ్ళు చూశారు, ఫారాల వాళ్ళు చూశారు, భుజాన బస్తాతో నిలబడ్డ సత్తియ్య చూశాడు.

"ఏవండీ, వెనక్కెళ్ళిపోతారేంటండీ?" అన్నాడు సత్తియ్య. బస్తా దబ్బున కింద పడేశాడు. అతని వెనక జట్టంతా పడేసింది.

"గ్లౌజులు! తెడ్లు! నీళ్ళు!" అని గేటు అదిరేలా అరిచారు. కుళాయి తాళం తీసేదాకా తొట్టిలో చెయ్యి పెట్టం అన్నారు. పోలీసు వ్యాను వచ్చేసరికి ఎండ ముదిరింది. కానిస్టేబులు వీరవేణిని కాలిన మణికట్టు దగ్గరే పట్టుకుని ఎక్కించాడు.

స్టేషన్లో ఆ రాత్రంతా ఆమెకి ఒకటే దిగులు. పాపాయికి చంటిపిల్ల ఉంది. సత్తియ్యది మెత్తటి మనసు. రావుగారు పిలిచి మంచిమాట చెబితే ఎంతమంది నిలబడతారు? ఇంత చేసీ రేపు మళ్ళీ చేతులన్నీ తొట్టిలోకే వెళితే? తెల్లవారాక కానిస్టేబులు టీ తాగుతూ చెప్పాడు: "మీవాళ్ళంతా పొద్దున్నే పనిలోకి దిగారు. నీకోసం ఎవరాగుతారే పిచ్చిదానా!"

వీరవేణి గోడకి జారగిలబడింది. ఇంతేనా అనుకుంది. అందరి మీదా కోపం వచ్చింది, తన మీద మరీ వచ్చింది.

మధ్యాహ్నం గాలి గోదారి వైపు నుంచి తిరిగింది. కానిస్టేబులు ముక్కు మూసుకుని లేచాడు. "ఛీ, ఏంటీ కంపు?"

వీరవేణి నిటారుగా కూర్చుని గుండెనిండా పీల్చింది. కుళ్ళిన చేప కంపు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ వాసనకి ఆమె అంత సంతోషించింది లేదు. యాసిడ్ కలిపితే చేప కుళ్ళదు. కలిపే చెయ్యి లేకపోతే తొట్లన్నీ ఎండలో ఇలాగే కుళ్ళుతాయి. ఈపాటికి ఇది రావుగారి మేడ మెట్లెక్కి ఉంటుంది.

"పనిలోకి దిగారన్నారు కదండీ?" అంది.

కానిస్టేబులు కిటికీ మూశాడు. కంపు తలుపు కింద నుంచి వచ్చింది.