కొసరు

చెట్లు కొట్టేసిన కొండవాలు మీద ముసలాయన కొమ్మల మొదళ్లన్నీ ఒక వైపుకే తిప్పి, మోకాలితో అదిమి, తాడు బిగించాడు. భుజానికెత్తుకునే ముందు మోపులోంచి నాలుగు రెమ్మలు లాగి నేల మీద పరిచాడు. ప్రతి మోపుకూ అంతే. అందుకే పనివాళ్లు అతన్ని కొసరయ్య అంటారు, అసలు కన్నా కొసరు ముద్దని ఏడిపిస్తారు. అసలు పేరు మేస్త్రికి కూడా గుర్తులేదు.

పెద్ద దుంగలు ఎప్పుడో వెళ్లిపోయాయి. మిగిలిన కొమ్మా రెమ్మా లారీకెత్తితే ఎక్కడో బాయిలరులో మండి కరెంటు అవుతాయట. ఆ కరెంటు దీపం కిందే రాత్రి తను అన్నం తింటున్నాడేమోనని తలుచుకుంటే అతనికి నవ్వొస్తుంది.

వయసులో ఉండగా ఇదే వాలు మీద గొడ్డలి పట్టాడు. అప్పుడు ఆకు మిగల్చకుండా ఊడ్చేశారు. ఆ ఏటి వానకు మట్టంతా వాగు పాలైంది. తరువాత నాటిన మొక్కలు పాలు చాలని పిల్లల్లా పీలగా మిగిలాయి. మట్టి కొట్టుకుపోయిన రోజే ఇంటికొచ్చి చెబితే, కొత్తగా కాపురానికొచ్చిన భార్య చేట కింద పెట్టి అతనికేసి చూసింది.

"డబ్బిచ్చి కొన్నచోటే నేను కొసరు అడిగి తెచ్చుకుంటాను. నేల నోరు తెరిచి అడగదని ఎగ్గొట్టొచ్చారా?"

ఆ మాట అతన్ని వదల్లేదు.

మధ్యాహ్నం దాటాక పొగమంచు దిగింది. చెట్లు లేనిచోట కూడా చెట్లున్నట్టే ఉంది. మేస్త్రి రొప్పుతూ వచ్చాడు.

"కొసరయ్యా, లారీ వెలితిగా ఉంది. ఇలా పోతే డీజిలు ఖర్చు కూడా రాదు. పైన నువ్వు పరిచినవి ఏరుకురా."

"అవి నేలవి బాబూ."

"నేలొచ్చి నన్నడగదు, పైవాళ్లు అడుగుతారు. రేపట్నించి పని కావాలా, వద్దా?"

పని లేకపోతే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. కొసరయ్య తాడు తీసుకుని వాలెక్కాడు.

తాడు పరిచి, దాని మీద రెమ్మలు పేర్చసాగాడు. తీసినచోటల్లా మట్టి తడిగా, చల్లగా తగిలింది. ఒకచోట రెండాకుల మొలక కనిపించింది. ఎవరి నోటి దగ్గరి ముద్దో లాగేసుకున్నట్టు సిగ్గేసింది. గుండెల్లో ఏదో బరువుగా అనిపించి, కాసేపు కూర్చున్నాడు. మంచులో వాలంతా మళ్లీ అడవైంది, తను గొడ్డలి పట్టకముందున్న అడవి. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఎవరో ఒళ్లో కొసరు వేస్తున్నారు. హాయిగా ఉంది. కళ్లు మూసుకున్నాడు.

ఎంతకీ దిగిరాకపోతే మేస్త్రి తిట్టుకుంటూ పైకెక్కాడు. కొసరయ్య కూర్చున్నచోటే ఒరిగిపోయి ఉన్నాడు. భుజం తట్టి పిలుద్దామంటే వేరే పేరు తెలియదు. కొసరయ్యా, కొసరయ్యా అనే పిలిచాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

నలుగురూ కలిసి అతన్ని కిందికి దించారు. పైన ఇంకో మోపుందా అని లారీ డ్రైవరు అడిగాడు.

"వెలితిగానే పోనీ," అన్నాడు మేస్త్రి, మొహం తిప్పుకుని. "పైనున్నది కొసరు."

పైన, రెమ్మల కింద, ముడి పడని తాడు మంచుకు తడుస్తూ ఉండిపోయింది.