వంతెన మెట్ల మీద అమ్మ

భార్య చిన్నతల్లి పోయాక పైడిరాజు క్వార్టరులో మాట వినబడడం మానేసింది. బిలాస్‌పూర్ లోకోషెడ్డులో డ్యూటీ దిగి వచ్చి, తలుపు వేసుకుని, ఫొటోలు అంటించిన పుస్తకం తెరిచేవాడు. ఇంగ్లండు వెళ్లిపోతూ ఒక డ్రైవరుదొర ఇచ్చిన పుస్తకమది. నిండా చీనా వీధులు. క్షవరం చేసేవాడు, చెప్పులు కుట్టేవాడు, వంతెన మెట్ల మీద కూర్చుని పాతబట్టలు కుట్టే ఆడమనిషి. ఆమెను చూస్తూ ఎంతసేపైనా గడిపేవాడు. ముఖం వేరు గాని, సూది మీదికి వంగిన ఆ మెడ చిన్నతల్లిదే.

"ముక్కూ మొకం తెలీనోళ్ల బొమ్మలు సూసి ఏటి సేస్తావురా?" అనేది పక్క క్వార్టరు అచ్చియమ్మ.

ఒక చలికాలం, సైకిలు మీద పట్టుబట్టల మూటతో వాంగ్ అనే చీనా వ్యాపారి దయాల్‌బంద్ పేట వైపు నుంచి వచ్చాడు. గుమ్మంలో మూట విప్పబోతే పైడిరాజు వద్దన్నాడు.

"కట్టుకునే మనిషి లేదు భాయీ. కూర్చో, మీ దేశం చూపిస్తాను" అన్నాడు హిందీలో.

వాంగ్ నవ్వుతూ పేజీలు తిప్పాడు. వంతెన దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇది మా వీధి" అన్నాడు. బట్టలు కుట్టే ఆమె మీద వేలు పెట్టి, "మా అమ్మ" అన్నాడు.

కెమెరా దొర ఎవరో ఆమెను ఎండలో కదలకుండా కూర్చోబెట్టాడట. తన బొమ్మ ఎలా వచ్చిందో చూడాలని బతికినన్నాళ్లూ అనుకునేదట. వచ్చీరాని హిందీలో వాంగ్ చెబుతుంటే పైడిరాజుకు పుస్తకం లాక్కుని మూసేద్దామనిపించింది. లేచి లోపలికి వెళ్లి నీళ్లు తాగాడు. వచ్చేటప్పుడు చాకు తెచ్చి, మెల్లగా అంచులు వదిలించి, ఫొటో వాంగ్ చేతిలో పెట్టాడు.

"తీసుకో. మీ అమ్మ నా దగ్గరెందుకు?"

వాంగ్ బదులుగా ఒక పట్టుగుడ్డ ముందుకు జరిపాడు. పైడిరాజు దాన్ని వెనక్కి నెట్టాడు. వాంగ్ ఖాళీ గోడలకేసి చూశాడు.

"నీ భార్య ఫొటో?"

"తీయించలేదు."

"అచ్ఛా... ఎలా ఉండేది?"

చిన్నతల్లి పోయాక ఆ మాట ఎవరూ అడగలేదు. పైడిరాజు హిందీలోనే మొదలుపెట్టాడు. రెండు మాటలు కాకముందే తెలుగులోకి జారిపోయాడు.

"నవ్వితే నోటికి కొంగడ్డెట్టుకునీది. గంజి వార్సినప్పుడల్లా సెయ్యి కాల్సుకునీది. నాను డ్యూటీ దిగొచ్చీదాకా తినీది కాదు. ఎంత తిట్టినా ఇనీది కాదు..."

వాంగ్‌కు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా అతని ముఖంలోకే చూస్తూ, ఆ మాటలన్నీ అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. తరువాత సైకిలు నడిపించుకుంటూ స్టేషను వైపు వెళ్లిపోయాడు. మళ్లీ ఏ చలికాలంలోనూ అతను రాలేదు.