మిట్ట మీది నీళ్ల తొట్టి

ఒటీలియా గుర్రం మీంచి పడింది పెద్ద ఎత్తు నుంచేమీ కాదు. తప్పిపోయిన పెయ్యను వెతుక్కుంటూ వాగు దాటుతుంటే గుర్రం ముందుకాలు ఇసుకలో దిగబడింది. ఆమె పక్కకి ఒరిగి రాతి మీద పడింది. తుంటి ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అప్పటికి ఆమెకు నలభై కూడా నిండలేదు. చిన్నప్పటి నుంచి జీను మీదే పెరిగిన మనిషి. అలాంటిది, ఇంటి నుంచి కంచె గేటు దాకా నడవాలన్నా మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చేది.

మాది వాళ్లకి ఎదురు బీడు. మేం గొర్రెలు పెంచుతాం, వాళ్లు పశువులు. అలెగ్రెతె పట్నం నుంచి మా వైపు వచ్చే మట్టిరోడ్డుకి అటు వాళ్లు, ఇటు మేము. వాళ్ల నాన్న పోయాక అన్నాచెల్లెళ్లు బీడును పంచుకున్నారు. వాగుకి దగ్గరగా ఉన్న నల్లనేల అన్న బెల్మీరోకి వెళ్లింది. ఇల్లు, ఇంటి వెనకాల మిట్ట, ఆ చుట్టూ ఉన్న ఎర్రటి ఇసుకనేల, వాగు దాకా దిగే ఒక సన్నటి చెక్క ఒటీలియా అడిగి తీసుకుంది. పుట్టిన ఇల్లు వదలడం ఆమెకు ఇష్టం లేదు.

ఆమె భర్త దెల్ఫీనో ఒకప్పుడు ఆ ఇంట్లోనే జీతగాడు. కంచెలు వెయ్యడంలో, కొత్త గుర్రాలను లొంగదీయడంలో అతనికి సాటి లేదు. మాట మాత్రం తక్కువ. ముసలాయన వాళ్ల పెళ్లికి ఒప్పుకున్నా బెల్మీరో మనసులో ఒప్పుకోలేదు. నలుగురిలో ఉన్నప్పుడు "మా బావగారికి అన్నీ తెలుసు, మా బూట్లు తుడిచిన రోజుల్లోనే నేర్చుకున్నాడు" అనేవాడు. దెల్ఫీనో వినీ విననట్టు 'మాటే' అనే చేదు ఆకు నింపిన సొరబుర్రలోకి వేడినీళ్లు పోసుకుని, గొట్టంతో ఆ చేదంతా నెమ్మదిగా పీల్చి, లేచి వెళ్లిపోయేవాడు.

పడిన తర్వాత ఒటీలియాకి కాలినొప్పి కన్నా పశువులు కనబడకపోవడమే ఎక్కువ బాధగా ఉండేది. అవి రోజంతా మిట్టకి అవతల మేసి, నీళ్ల కోసం దూరంగా ఉన్న వాగులోకి దిగిపోయేవి. పొద్దుపోయాక దెల్ఫీనో ఇంటికి రాగానే ఆమె అడిగేది.

"పితంగా ఈనిందా?"

"ఇంకా లేదు."

"పొదుగు దిగిందా మరి? ఎలా ఉంది చెప్పు."

"దిగింది."

"దిగింది అంటే ఎంత దిగిందయ్యా? నీ నోట్లోంచి మాట లాగడం కన్నా ఆ దూడని లాగడం తేలిక."

అతను నవ్వాడు. కానీ ఆ మాటలు అతని లోపల పడ్డాయి. ఆ వేసవిలో, మూతపడ్డ ఒక పెద్ద బీడులో సామాను అమ్ముతుంటే వెళ్లి పాత గాలిమర ఒకటి కొనుక్కొచ్చాడు. ఇంటి వెనక మిట్ట మీద బోరు వేయించాడు. మా దగ్గర ఇసుకరాతి కింద నీళ్లకి కరువు లేదు. గాలిమర పక్కన సిమెంటు తొట్టి కట్టడం మొదలుపెట్టాడు. నీళ్లు పైకొస్తే పశువులు పైకొస్తాయి, ఒటీలియా వెనక వరండాలో కూర్చుని వాటిని చూసుకుంటుంది. ఇదీ అతని ఆలోచన. ఎందుకు కడుతున్నాడో ఆమెకి నోటితో చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకి తెలుసు.

గోడ సగం లేచాక బెల్మీరో గుర్రం మీద వచ్చాడు. దిగలేదు.

"ఇక్కడా కట్టేది?"

"ఇక్కడే."

"ఈ నేల మీద గడ్డి పాల మీద మీగడలాంటిదయ్యా. దాటిపోయే పశువును మోస్తుంది, నిలబడ్డ పశువును మొయ్యదు. మా నాన్న పశువులకి ఉప్పు పెట్టే చోటు కూడా నెలనెలా మార్చేవాడు, ఎందుకనుకున్నావ్? మందంతా రోజూ ఇక్కడికే ఎక్కితే గిట్టల కింద ఏం మిగులుతుంది? అయినా జీతానికి పనిచేసినవాడికి నేల సంగతేం తెలుస్తుంది. ఎక్కడ కట్టమంటే అక్కడ కట్టడమే కదా అలవాటు."

చివరి మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో. దెల్ఫీనో తాపీ ఎత్తి మళ్లీ సిమెంటు పుయ్యడం మొదలుపెట్టాడు. "గుర్రాన్ని పక్కకి తిప్పు, ఇటుకలు తొక్కుతోంది" అని మాత్రం అన్నాడు.

ఒటీలియా వంటింటి కిటికీలోంచి అంతా వింది. అన్న చెప్పింది నిజమని ఆమెకి తెలుసు. ఉప్పు పోసే తొలిచిన దుంగను భుజాన వేసుకుని చోటు మారుస్తున్న నాన్న వెనక చిన్నప్పుడు ఎన్నిసార్లు నడిచిందో. ఇసుక మీద మేకగడ్డం గడ్డి ఎంత పలచగా పట్టుకుని ఉంటుందో, ఒకసారి వేళ్లతో సహా లేచిపోతే కింద నుంచి ఎర్రటి ఇసుక ఎలా జారుతుందో ఆయన కాలితో తవ్వి చూపించేవాడు.

ఆ సాయంత్రం ఎండుమాంసం వేసి వండిన అన్నం తింటూ దెల్ఫీనో అడిగాడు. తనకై తాను ఏదైనా అడగడం అతనికి అరుదు.

"మీ అన్న అన్నది విన్నావా?"

"విన్నాను."

"నువ్వేమంటావ్? నిజమైతే చెప్పు, కింద కడతాను. ఇంకా గోడే కదా లేచింది."

ఒటీలియా పళ్లెంలోకి చూసింది. కింద కడితే మళ్లీ ఆ నాలుగు గోడలు, మళ్లీ "దిగిందా, ఈనిందా" అని అడుక్కోవడం.

"అన్నయ్య సంగతి తెలియనిదేముంది? నువ్వు ఏం చేసినా వంక పెడతాడు" అంది.

అతను తలాడించి ఇంకొంచెం అన్నం పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి కొన్నేళ్లు వాళ్లకి బాగా గడిచాయి. సాయంత్రమయ్యేసరికి మంద మిట్ట ఎక్కేది. ఒటీలియా వరండాలో గొర్రెతోలు పరిచిన కుర్చీలో కూర్చుని ఒక్కొక్కదాన్ని పేరుపెట్టి పిలిచేది. "ఏమే బరోనెజా, ఆలస్యమైందేం? దొరసానివి కదా, నీకోసం నీళ్లు ఆగుతాయనుకున్నావా?" అని ఆమె అరుస్తుంటే రోడ్డుకి ఇవతల మాకు వినబడేది. దెల్ఫీనో తొట్టి అంచు మీద కూర్చుని నవ్వేవాడు. అతన్ని అంత నవ్వగా మేమెప్పుడూ చూడలేదు.

నేల కొంచెం బోసిపోవడం ముందు చూసింది కూడా ఆమే. తొట్టి చుట్టూ గడ్డి పోయింది. అది ఎక్కడైనా పోతుంది. కానీ పశువులు వచ్చే దారులు ఎర్రటి చారల్లా మిట్ట కిందికి సాగాయి. రెండు చారల మధ్య ఉన్న పచ్చిక చిక్కిపోయింది. పొట్టి బుతియా తాటిచెట్ల మొదళ్లు పైకి తేలాయి. ఆమె రోజూ ఆ కుర్చీలోంచే చూస్తోంది. ఒకసారి నేను వెళ్లినప్పుడు "అక్కడ గడ్డి పోయినట్టుందే" అన్నాను.

"పశువులు పడుకుంటున్నాయి, నలిగింది. వసంతానికి లేస్తుందిలే" అంది. అని నాకు మాటే సొరబుర్ర అందించి మాట మార్చింది. దెల్ఫీనోతో ఆ మాటైనా అనలేదని తర్వాత తెలిసింది. అని ఉంటే అతను తొట్టిని కిందికి దింపేవాడు.

ఆ ఏడు, జూన్ నుంచి ఆగస్టు దాకా ఉండే మా శీతకాలంలో వానలు లేవు. మేత తగ్గింది. కిందెక్కడా పచ్చ లేక పశువులు పగలంతా తొట్టి దగ్గరే నిలబడేవి. కొన్నింటినైనా అమ్మేద్దామని దెల్ఫీనో అంటే ఆమె ఒప్పుకోలేదు. "ఒక్క వాన పడనీ" అంది. వాన పడింది. అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆకాశం తెగినట్టు పడింది. నీళ్లు గిట్టల దారుల్లోకి దిగి వాటిని కాలవలు చేశాయి. సాయంత్రానికి మిట్ట పక్కన మనిషి లోతు గండి పడింది. దాని నోట్లోంచి ఎర్రటి ఇసుక కింద పచ్చిక మీదికి పరుచుకుంది. తొట్టి ఒక పక్కకి ఒరిగింది.

దెల్ఫీనో చెయ్యనిది లేదు. గండిలో కంపలు పూడ్చాడు, పేడ తోలాడు, ఎండుగడ్డి పరిచాడు, యూకలిప్టస్ మొక్కలు నాటాడు. వానలు వెలిశాక దక్షిణం నుంచి మినువానో అనే చలిగాలి లేచింది. ఎండిన ఇసుక కదలడం మొదలైంది. నాటిన మొక్కలు ముందు వేళ్లు బయటపడి వాలిపోయాయి, తర్వాత పూడిపోయాయి. ఒటీలియా వరండా తలుపు మూసేసుకుంది. పళ్ల కింద కరకరమనకుండా ఆ ఇంట్లో రొట్టె తినడం కుదిరేది కాదు.

ఇంకో శీతకాలం గడిచేసరికి ఇసుక కంచె దాటి బెల్మీరో బీడులోకి వెళ్లింది. ముళ్లతీగ కింద వరుస పూడిపోయింది. ఇక పెద్ద గొడవవుతుందని మేమంతా అనుకున్నాం. మా ఆయన కూడా అవసరమైతే అడ్డుపడదామని వెళ్లాడు. బెల్మీరో గుర్రం దిగి, టోపీ తీసి, ఆ ఇసుకలో కాసేపు తిరిగాడు. వచ్చి దెల్ఫీనో పక్కన నిలబడ్డాడు.

"తొట్టి పగలగొడదాం. నా కుర్రాళ్లను పంపనా?"

"నేను కట్టాను, నేనే కొడతాను."

"ఇద్దరం కొడదాం."

సుత్తులు తెచ్చుకుని పొద్దుగూకేదాకా కొట్టారు. మధ్యలో బెల్మీరో చెమట తుడుచుకుంటూ అన్నాడట: "బావా, ఆ రోజు నేను చెప్పింది నేల గురించే గానీ, చెప్పింది నేల కోసం కాదు. నిన్ను గుచ్చడానికి చెప్పాను. మంచిగా చెప్పుంటే వినేవాడివి."

"వినేవాణ్ణేమో" అన్నాడు దెల్ఫీనో. అని మళ్లీ సుత్తి ఎత్తాడని మా ఆయన చెప్పాడు.

మిట్టంతా కంచె వేసి మూసేశారు. మందలో ఎక్కువ భాగం అమ్మేశారు. ముసలివీ, ఒటీలియా వదల్లేనివీ కొన్ని బెల్మీరో నల్లనేలలోకి వెళ్లాయి. వాటిని తోలుకెళ్లిన సాయంత్రమే ఆమె దెల్ఫీనోతో ఆ సంగతి చెప్పింది. ఇది ఆమే నాతో అంది, చాలా ఏళ్ల తర్వాత.

"అన్నయ్య చెప్పింది నిజమని నాకప్పుడే తెలుసు. నువ్వడిగిన రోజే తెలుసు. బోసిపోతుంటే కూడా చూస్తూ కూర్చున్నాను. అవి నా కళ్లెదుట ఉండాలని."

అతను చేతిలోని తాడు చుట్టి మేకుకి తగిలించాడు. అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేదంది.

"చెప్పుంటే వాగు దగ్గరే కట్టేవాణ్ణి" అన్నాడు చివరికి. "రోజూ సాయంత్రం నిన్ను గుర్రం మీద కూర్చోబెట్టుకుని దింపేవాణ్ణి. మళ్లీ తీసుకొచ్చేవాణ్ణి. అదేమంత పని?"

ఆమెకి ఆ ఆలోచనే రాలేదట. అన్నేళ్లలో అతన్ని ఒక్కసారి కూడా అడగలేదట. గుర్రం మీద తనను ఒకరు మోసుకెళ్లడమా అనుకుందో, అతనికి అంత భారం పెట్టడమెందుకనుకుందో, ఇప్పుడు తనకే తెలియదంది.

ఆ ఇంట్లో ఇంకెంతో కాలం ఉండలేకపోయారు. వెనక గోడ కిటికీ అంచు దాకా ఇసుక చేరాక పట్నం చివర రోడ్డు పక్కన ఒక చిన్న ఇంట్లోకి మారారు. దెల్ఫీనో మళ్లీ ఇతరుల బీళ్లలో కంచెలు వెయ్యడానికి వెళ్తున్నాడు. ఇప్పుడు బెల్మీరో ప్రతి ఆదివారం వాళ్లింటికి మాంసం తీసుకెళ్తాడు, కాల్చేది దెల్ఫీనో. మిట్ట మాత్రం అలాగే ఉంది. అంచుల్లో ఒక రకం ముతక గడ్డి పట్టుకుంది గానీ పశువు ముట్టుకునేది కాదు. నడుమంతా ఖాళీగా, ఎర్రగా, మా వాకిట్లోకి కనబడుతూనే ఉంటుంది.

పోయిన సెప్టెంబరులో ఒటీలియా ఒకసారి ఆ చోటు చూడాలంది. దెల్ఫీనో రానన్నాడు. బెల్మీరో ట్రక్కులో ఎక్కించుకుని తీసుకొస్తే, దారిలో ఆగి నన్నూ పిలిచారు. కంచె పక్కన బండి ఆపి, అన్న దిగి వచ్చి ఆమె వైపు తలుపు తెరిచాడు. గాలి బాగా ఉంది. తొట్టి ఉండిన చోటు ఏదో కూడా పోల్చుకోలేకపోయాం.

"దిగుతావా, చెల్లీ? పట్టుకుంటాను."

ఆమె కాసేపు చూసింది. ఒళ్లో పడ్డ ఇసుకను అరచేత్తో దులుపుకుంది.

"వద్దులే అన్నయ్యా. తలుపు వేసెయ్యి, ఇసుకంతా బండిలోకొస్తోంది."