నాలుగు రోజుల బ్రష్షు

నేను ఒక పళ్ళు తోమే బ్రష్షును. పేరుకు మాత్రమే. పుట్టినప్పటి నుంచి నేను పళ్ళు తోమింది సరిగ్గా నాలుగు రోజులు.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో వేడి ప్లాస్టిక్కును అచ్చులో పోసి నన్ను తయారు చేశారు. తలలో నైలాను పోగులు గుచ్చి, అట్టకు అంటించి పంపారు. పాలకొండ బజారులో ఒక ఫ్యాన్సీ షాపు మేకుకు వేలాడుతుంటే నీలవేణమ్మగారు నన్ను కొన్నారు. ఆమె భర్త బెవర జగ్గారావు మాస్టారు హైస్కూల్లో వ్యాయామం నేర్పుతారు. నలభై ఆరేళ్ళ వయసులోనూ కబడ్డీ ఆడే ఆడపిల్లలతో సమానంగా మైదానం చుట్టూ పది చుట్లు పరిగెత్తేవారు. ఉదయం ప్రార్థన అయ్యాక వరసలో నిలబెట్టి పిల్లల గోళ్ళు, పళ్ళు పరీక్షించేది కూడా ఆయనే. ఆయన పళ్ళు పరీక్షించే అధికారం మాత్రం ఎవరికీ లేకపోయింది.

మొదటి రోజే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. నాలుగో రోజుకి నురగంతా ఎర్రబడింది. మాస్టారు నన్ను కడిగి గ్లాసులో పడేసి, ఆ తప్పు నాదేనని తేల్చేశారు. ఏళ్ళ తరబడి పేరుకున్న గారకు చిగుళ్ళు వాచి ఉన్నాయని, అందుకే తాకితే చాలు రక్తం వస్తోందని నాకు తెలుసు. చెప్పడానికి నోరేది? మర్నాటి నుంచి ఆయన వేలికి పళ్ళపొడి అద్దుకుని పైపైన రుద్దుకోవడం మొదలుపెట్టారు. గ్లాసులో నుంచి అది చూస్తూ నేను కుతకుతలాడిపోయాను.

ఏడాది గడిచింది. ఆయన మాట్లాడుతుంటే నీలవేణమ్మగారు కొంచెం పక్కకు తిరిగేవారు. లవంగం నోట్లో వేసుకోమని ఇచ్చేవారు. ఒకరోజు ఉండబట్టలేక అన్నారు.

“ఓపాలి పళ్ళ డాక్టరుకి చూపించుకోండి. కింద పన్ను కదుల్తున్నాదని మీరే అన్నారు కదా.”

“ఒక పన్ను కోసం సెలవెట్టి పట్నం పోమంటావేటి? నా గుండె చూడు, గుర్రంలాగ ఉంది.”

పన్నుకీ గుండెకీ ఏం సంబంధం అన్నట్టు నవ్వేశారాయన.

వర్షాలు మొదలయ్యాక సాయంత్రాలు జ్వరం తగలడం మొదలైంది. బిళ్ళలు వేసుకుంటే తగ్గేది, వారం తిరక్కుండా మళ్ళీ వచ్చేది. మనిషి చిక్కిపోయారు. రాష్ట్ర స్థాయి పోటీలకు పిల్లలను తయారు చేయాలని జ్వరంతోనే మైదానానికి వెళ్ళేవారు. చివరికి ఒకరోజు పిల్లల కళ్ళముందే, ఊపిరి అందక కుప్పకూలారు.

విశాఖపట్నం ఆసుపత్రికి బయలుదేరుతూ నీలవేణమ్మగారు కంగారులో సబ్బు, దువ్వెన, నన్నూ కలిపి సంచిలో పడేశారు. ఇంతకాలానికి నేను గ్లాసు దాటాను.

రక్తం పరీక్షలు, గుండె స్కానింగు అయ్యాక డాక్టరమ్మ టార్చి వేసి మాస్టారి నోరు తెరిపించి చూశారు. ఆయన గుండెలో ఒక వాల్వు పుట్టుకతోనే కొంచెం తేడాగా ఉందట. ఆ సంగతి ఎవరికీ తెలియదు. వాచిన చిగుళ్ళలోంచి క్రిములు రక్తంలోకి దిగి, ఆ వాల్వు మీద గూడు కట్టుకుని దాన్ని తినేశాయట.

“పళ్ళు పాడైన వాళ్ళందరికీ ఇలా అవ్వదండి,” అన్నారామె. “కానీ మీ రక్తంలో దొరికినవి నోట్లో ఉండే క్రిములే. చిగుళ్ళ నుంచి రక్తం ఎప్పట్నుంచి వస్తోంది?”

మాస్టారు కదిలే పన్ను దగ్గర బుగ్గ తడుముకున్నారు.

“చాన్నాళ్ళయింది మేడమ్. రక్తమొస్తున్నాదని తోమడం మానేసినాను.”

“రక్తం వస్తే మానేయకూడదు. మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా తోముకుని, డాక్టరు దగ్గరకు రావాలి.”

ఏడాదిగా నేను గ్లాసులో నిలబడి మొత్తుకున్నది ఆ రెండు వాక్యాలే.

ఆరు వారాలు నరంలోకి మందు ఎక్కించారు. పళ్ళ డాక్టరు వచ్చి గార తీసి, కదిలే పన్ను పీకారు. ఆ తర్వాత ఛాతీ కోసి వాల్వు మార్చారు. మాస్టారు బతికారు. ఈలోగా పిల్లలు వేరే మాస్టారితో పోటీలకు వెళ్ళి రెండో ఆటలోనే ఓడిపోయి వచ్చారు.

ఇంటికి పంపే రోజు నర్సమ్మ సంచి సర్దుతూ నన్ను చూసి, ఇది మరీ గట్టిది, మెత్తటిది వాడండని చెప్పి చెత్తబుట్టలో వేసింది. నా పోగు ఒక్కటి కూడా వంగలేదు. బ్రష్షుకు ఇంతకన్నా సిగ్గుచేటు ఉండదు.

నేను బుట్టలో ఉండగా మాస్టారి ఫోను మోగింది. కబడ్డీ జట్టు నాయకురాలు మంగ. మాస్టారు ఎప్పుడు వస్తారని అడుగుతోంది.  ఆయన ఫోను భార్యకిచ్చి గోడవైపు తిరిగిపోయారు.

“వస్తారమ్మా,” అన్నారు నీలవేణమ్మగారు. “మరింక పరిగెత్తలేరు. గట్టు మీద కూకొని నేర్పుతారు. మీరే ఆయన దగ్గరికి రావాల.”